మోడల్ రైలు లేఅవుట్ మీద నిజమైన మట్టి వాడొచ్చా, వాడకూడదా?

చివరిపెట్టె:
అందరికీ నమస్కారం. 2.4 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బల్ల మీద హెచ్‌ఓ స్కేలులో (అసలు సైజులో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్ కడుతున్నాను. చిన్న పల్లె స్టేషన్, పక్కన సరుకుల సైడింగ్, వెనక ఒక గుట్ట. పట్టాలు వేయడం, వైరింగ్ అయిపోయాయి. ఇప్పుడు నేల వేయాలి. అక్కడే ఆగిపోయాను. చాలాకాలంగా ఈ పని చేస్తున్న ఇద్దరిని అడిగాను. ఒకరు "మట్టిని చూపించడానికి మట్టి కాక ఇంకేం కావాలి, జల్లించి చల్లేయ్" అన్నారు. రెండోవారు "మట్టిని బల్ల దగ్గరికే రానివ్వకు" అన్నారు. ఇద్దరి లేఅవుట్లూ నాకు చాలా ఇష్టం. ఒకసారి జిగురు పోశాక మళ్లీ గీకి తీయడం నరకం కాబట్టి టెన్షన్‌గా ఉంది. మీరు ఏది వాడారో, ఎందుకు వాడారో చెప్పండి.

గ్యాంగ్‌మన్:
నా ఓటు మట్టికే. ఒక చెంచా మట్టిని తెల్ల కాగితం మీద పరిచి చూడండి. గోధుమ రంగు, బూడిద, ఎరుపు, కాస్త పసుపు, మధ్యలో ఒకటో రెండో నల్ల రేణువులు. డబ్బాల్లో అమ్మే పొడి అంతా ఒకే రంగులో ఉంటుంది. దాన్ని ఎంత బాగా చల్లినా నేల మీద కార్పెట్ పరిచినట్టే ఉంటుంది. మట్టిలో ఆ రంగుల కలయిక మనం కష్టపడకుండానే వస్తుంది.

కాకపోతే తెచ్చింది తెచ్చినట్టు చల్లకూడదు. ముందు బాగా ఎండబెట్టి, ఓవెన్‌లో వేడి చేస్తే పురుగులు, గింజలు, బూజు బాధ ఉండదు. తరవాత టీ వడకట్టే జల్లెడలో ఒకసారి, పాత నైలాన్ మేజోడులో ఇంకోసారి జల్లించాలి. బల్లకు ముందే మట్టి రంగు పెయింట్ వేసి ఉంచండి, ఎక్కడైనా పలచబడినా తెల్లగా కనపడదు. దాని మీద తెల్ల జిగురు కుంచెతో రాసి, మట్టి చల్లి, పాత్రలు తోమే సబ్బు ఒక చుక్క కలిపిన నీళ్లు సన్నగా పిచికారీ చేయాలి. ఆ తరవాత ఒక వంతు జిగురుకు మూడు, నాలుగు వంతుల నీళ్లు కలిపి డ్రాపర్‌తో వదలాలి. సబ్బు చుక్క మరిచిపోతే జిగురు నీళ్లు లోపలికి ఇంకవు, ముత్యాల్లా దొర్లి నేలంతా గుంటలు చేస్తాయి. ఒక రోజంతా ముట్టుకోకండి.

నూటఅరవై:
గ్యాంగ్‌మన్ గారి చేతిపని మీద నాకు చాలా గౌరవం ఉంది. ఈ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. నాది ఎన్ స్కేలు, 1:160. జల్లెడలోంచి దిగిన అర మిల్లీమీటరు రేణువు నా లేఅవుట్ మీద 8 సెంటీమీటర్ల రాయి. హెచ్‌ఓలో, అంటే 1:87లో కూడా అది 4 సెంటీమీటర్ల పైమాటే. స్టేషన్ ముందు ఆవరణంతా అలాంటి రాళ్లు పరిచి ఉంటే ప్రయాణికులు ఎలా నడుస్తారు? మట్టి నిజమైనదే కావచ్చు, దాని రేణువు మాత్రం మన స్కేలుకు తగ్గట్టు చిన్నదైపోదు కదా.

ఇంకా పెద్ద సమస్య ఇనుము. చాలా మట్టిలో, ఇసుకలో అయస్కాంతానికి అతుక్కునే నల్ల రేణువులు ఉంటాయి. ఇంజన్ మోటారులో ఉండేది అయస్కాంతమే. నా మొదటి లేఅవుట్‌లో పట్టాల పక్కనే మట్టి చల్లాను. కొన్ని నెలలకు ఇంజన్ గరగరమనడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే గేర్ల మధ్య, మోటారు చుట్టూ నల్లటి పొడి. గేర్ల పళ్లు అరిగిపోయాయి. అప్పుడు పడ్డ బాధ ఇంకా గుర్తుంది.

బంకమట్టి సంగతి కూడా చెప్పాలి. అది ఎండేటప్పుడు ముడుచుకుని పగులుతుంది. 2 మిల్లీమీటర్ల పగులు హెచ్‌ఓలో 17 సెంటీమీటర్ల గండి. ఎండిన చెరువు చూపించాలన్నా అది ఎక్కువే.

సిగ్నల్‌దీపం:
ఇద్దరూ వస్తువు గురించే మాట్లాడుతున్నారు. నేను కంటి గురించి చెప్తాను.

హెచ్‌ఓ లేఅవుట్‌కు మీటరు దూరంలో నిలబడి చూస్తున్నారంటే, అసలు స్టేషన్‌ను 87 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు లెక్క. మామూలు చూపున్న మనిషి కన్ను అంత దూరంలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల కంటే చిన్నవాటిని విడివిడిగా పట్టుకోలేదు. రెండున్నర సెంటీమీటర్లను 87తో భాగిస్తే సుమారు 0.3 మిల్లీమీటర్లు. అంటే 0.3 మిల్లీమీటర్ల కంటే మెత్తగా ఉన్న పొడి ఏదైనా ఆ దూరం నుంచి రేణువులుగా కాక నేలగానే కనిపిస్తుంది. అది తోటలోంచి వచ్చిందా, డబ్బాలోంచి వచ్చిందా అన్నది కంటికి తెలియదు. కాబట్టి గ్యాంగ్‌మన్ గారి మేజోడు జల్లెడే అసలు కీలకం, టీ జల్లెడ ఒక్కటే చాలదు.

రంగు విషయం కూడా అంతే. దూరంగా ఉన్నవి గాలి పొర వల్ల కాస్త వెలిసినట్టు కనిపిస్తాయి. అందుకే దగ్గర నుంచి చూసిన మట్టి రంగు మోడల్ మీద ముదురుగా అనిపిస్తుంది. పైగా జిగురు ఆరాక మట్టి మరో మెట్టు ముదురుతుంది. మీ మనసులో ఉన్న రంగు కంటే లేతది తీసుకోండి.

నిజమైన వస్తువు పెడితేనే నిజంగా కనిపిస్తుందన్న మాటకు ఇంగ్లండ్‌లోని పెండన్ మ్యూజియమే జవాబు. 1930ల నాటి పల్లెసీమను అక్కడ 1:76లో కట్టారు. ఆ రాతి ఇళ్ల గోడలు అట్టతో చేసి రంగులు వేసినవి. రాయి ముక్కలు అతికించి ఉంటే అంత నమ్మకం కలిగేది కాదని నా గట్టి అభిప్రాయం. అమెరికాలో జాన్ అలెన్ అనే మోడలర్ తన గోరీ అండ్ డిఫీటెడ్ లేఅవుట్‌లో అద్దాలు పెట్టి చిన్న గదిని పెద్ద లోకంలా చూపించారు. 1973లో ఆయన పోయిన కొద్ది రోజులకే ఆ లేఅవుట్ చాలావరకు అగ్నికి ఆహుతైపోయింది. దాని ఫోటోలు చూసినప్పుడల్లా నాకు మనసు భారమవుతుంది. అద్దంలో ఉన్నది వీధి కాదు. చూసేవాళ్లు మాత్రం వీధినే చూశారు.

గ్యాంగ్‌మన్:
సిగ్నల్‌దీపం గారి లెక్క బాగుంది, కానీ మీటరు దూరం అన్నది ఎవరు పెట్టారు? నేను లేఅవుట్ అంచున గడ్డం ఆనించి చూస్తాను. పిల్లలూ అంతే. 25 సెంటీమీటర్ల నుంచి చూస్తే మీ 0.3 కాస్తా 0.07 అవుతుంది. ఫోన్ కెమెరాను పట్టాల మీదే పెట్టేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అంత దగ్గర్లో డబ్బా పొడి పొడిలాగే కనిపిస్తుంది. మట్టి రేణువు పెద్దదైనా కనీసం రాయిలా కనిపిస్తుంది, దానికి అంచులు, నీడ ఉంటాయి.

ఇనుము విషయంలో నూటఅరవై గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పైన రాయడం మరిచిపోయాను, నా తప్పే. అయస్కాంతాన్ని పలచటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి, పళ్లెంలో పరిచిన మట్టి మీద తిప్పండి. సంచి తిరగేస్తే నల్ల పొడి అందులోనే ఉండిపోతుంది. ఏమీ అంటుకోకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. కొన్న కంకరకైనా ఈ పరీక్ష చేయండి.

నూటఅరవై:
గడ్డం ఆనించి చూస్తే ఎన్ స్కేలులో మట్టి ఇంకా ఘోరంగా కనిపిస్తుంది. హెచ్‌ఓ వాళ్లకు నడవొచ్చేమో, అంతకంటే పెద్దదైన 'ఓ' స్కేలు వాళ్లకు అసలు ఇబ్బందే ఉండకపోవచ్చు. మా స్కేలుకు మాత్రం ప్లాస్టర్ మీద రంగు, దాని మీద కుంచెతో అద్దిన పేస్టల్ చాక్ పొడి. ఇంతకంటే నమ్మదగ్గ నేల నేను చూడలేదు.

కొత్తఇంజన్:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. అలాగైతే చెరువులో నిజమైన నీళ్లు పోయొచ్చా?

సిగ్నల్‌దీపం:
వద్దండీ. నీటి తలతన్యత స్కేలుతో మారదు. గట్టు దగ్గర నీళ్లు గ్లాసు అంచున లేచినట్టు లేస్తాయి, చుక్క పడితే హెచ్‌ఓలో ఫుట్‌బాల్ అంత కనిపిస్తుంది. బల్ల ఉబ్బుతుంది, నాచు పడుతుంది. చెరువు అడుగుకు రంగు వేసి పైన గ్లాస్ మీడియం (gloss medium, ఆరాక పారదర్శకంగా మెరిసే యాక్రిలిక్ ద్రవం) పలచగా రెండు, మూడు పొరలు వేయండి.

చివరిపెట్టె:
రెండు వారాల తరవాత వస్తున్నాను. 30 సెంటీమీటర్ల చెక్క మీద నాలుగు పట్టీలు చేసి చూశాను. టీ జల్లెడ మట్టి, మేజోడు మట్టి, డబ్బా పొడి, ప్లాస్టర్ మీద రంగు. ఏది ఏమిటో చెప్పకుండా ఇంట్లోవాళ్లకు చూపించాను. మీటరు దూరం నుంచి మేజోడు మట్టికీ, ప్లాస్టర్‌కూ తేడా ఎవరూ పట్టలేదు. దగ్గరికి వచ్చాక అందరి వేలూ మేజోడు మట్టి మీదికే వెళ్లింది. టీ జల్లెడ పట్టీని చూసి మా అబ్బాయి "ఇక్కడ రాళ్లు దింపారా" అని అడిగాడు. ఆరాక మట్టి నిజంగానే ముదిరింది, తడి నేలలా అయింది. లేత బూడిద రంగు పేస్టల్ రుద్దితే తిరిగి ఎండిన నేలయింది.

కాబట్టి బండిదారికి, గూడ్స్ యార్డుకు మేజోడు మట్టి వాడుతున్నాను. గుట్ట మొత్తం ప్లాస్టరే. పట్టాలకు అటూఇటూ 3 సెంటీమీటర్ల మేర మట్టి వేయను, అయస్కాంతం తిప్పినా సరే. నూటఅరవై గారి గేర్లు తలచుకుంటే ధైర్యం చాలడం లేదు. ఇంకొక్క సందేహం. పాయింట్ల దగ్గర, అంటే రైలు దారి మారే చోట, కంకర వేసేటప్పుడు బ్లేడ్లు (కదిలే పట్టా ముక్కలు) జిగురుకు అతుక్కుపోకుండా ఏం చేస్తారు?

గ్యాంగ్‌మన్:
బ్లేడ్ల కింద, కదిలే కడ్డీ దగ్గర ప్లాస్టిక్‌కు హాని చేయని పలచటి నూనె ఒక్క చుక్క ముందే వేయండి. అక్కడ కంకర స్లీపర్ల పై అంచు కంటే కిందనే ఉండాలి. జిగురు డ్రాపర్‌తో కాక సన్న కుంచె కొనతో అందించండి. ఆరేదాకా పావుగంటకోసారి పాయింటును అటూఇటూ మార్చుతూ ఉండండి. ఆ సాయంత్రం ఇంకో పని పెట్టుకోకండి.

నూటఅరవై:
ఇందులో మాత్రం గ్యాంగ్‌మన్ గారు చెప్పినట్టే చేయండి. నేనూ అంతే చేస్తాను.