ఒహాయోలోని ఏథెన్స్‌లో శాకాహారి ఎక్కడ తినవచ్చు, సాయంత్రాలు ఎక్కడ కూర్చోవచ్చు?

ప్రశ్న: కొత్త విద్యార్థిని

నమస్కారం. ఈ ఆగస్టులో ఒహాయో విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థినిగా చేరడానికి ఏథెన్స్ వస్తున్నాను. పాతిక వేలలోపు జనాభా ఉన్న ఊరనీ, అందులో పెద్ద భాగం విద్యార్థులేననీ చదివాను. నేను గుడ్డు తింటాను కానీ మాంసం, చేపలు ముట్టను. మద్యం అలవాటు లేదు. అయితే తోటి విద్యార్థులు సాయంత్రాలు బయటికి వెళ్ళినప్పుడు నేను ఒక్కదాన్నే గదిలో కూర్చోవాలనీ లేదు. కారు లేదు, ఇప్పట్లో కొనే ఉద్దేశమూ లేదు. విశ్వవిద్యాలయం ఇచ్చే భృతితోనే నెల గడవాలి.

గొలుసు రెస్టారెంట్ల సంగతి నాకు తెలుసు కాబట్టి వాటి గురించి అడగడం లేదు. ఆ ఊరికే ప్రత్యేకమైనవి, నడిచి వెళ్ళగలిగినవి, శాకాహారి పళ్ళెంలో సలాడ్, వేపిన బంగాళాదుంపలు తప్ప మరేదైనా కనిపించేవి ఏవో చెప్పగలరా? పెరుగన్నం లేకపోతే నాకు భోజనం చేసినట్టుండదు. దానికి అక్కడ ఏం చేస్తారో కూడా చెప్పండి.

జవాబు: కోర్టు స్ట్రీట్ పాతకాపు

ఏథెన్స్‌కు వచ్చే మనవాళ్ళలో చాలామంది ముందుగా భారతీయ రెస్టారెంటు కోసం వెతికి, ఊళ్ళో ఏమీ లేదని తేల్చేసి, ఆ తరువాత రెండేళ్ళూ పిజ్జాతో, గదిలో వండుకున్న పప్పుతో గడిపేస్తారు. నన్నడిగితే ఆ వెతుకులాట మొదట్లోనే మానుకోవడం మంచిది. మన తిండి కావాలంటే డెబ్బై అయిదు మైళ్ళ దూరంలో కొలంబస్ ఉంది. ఏథెన్స్‌లో దొరికేది వేరు. చుట్టుపక్కల కొండల మధ్య పొలాల్లో పండినది నేరుగా వంటగదికి చేరే పద్ధతి ఒకటి ఈ ఊళ్ళో చాలా కాలంగా ఉంది, అది ఇంతకన్నా పెద్ద ఊళ్ళలోనూ అంత సులువుగా కనిపించదు.

అన్నిటికన్నా ముందు వెస్ట్ స్టేట్ స్ట్రీట్‌లోని కాసా న్యూవాకు వెళ్ళండి. అంతకుముందు అక్కడ నడుస్తున్న రెస్టారెంటు మూతపడినప్పుడు, అందులో పనిచేసినవాళ్ళే 1985లో సహకార సంఘంగా ఏర్పడి దాన్ని మళ్ళీ తెరిచారు. ఇప్పటికీ అది పనివాళ్ళ యాజమాన్యంలోనే ఉంది. అంటే మీకు వడ్డించే మనిషి ఆ సంస్థలో వాటాదారు అయి ఉండవచ్చు. వంట మెక్సికన్ ధోరణిలో ఉంటుంది, రుతువును బట్టి ప్రత్యేక వంటకాలు మారతాయి, మాంసం లేనివీ పాల పదార్థాలు కూడా లేనివీ మెనూలో తగినన్ని ఉంటాయి. కారం మాత్రం మన నాలుకకు చాలదు, సాల్సా ఇంకాస్త అడిగి వేయించుకోండి. పక్కనే వాళ్ళదే క్యాంటీనా అనే బార్ ఉంది. అక్కడ రాత్రిళ్ళు సంగీత కచేరీలు జరుగుతుంటాయి, కాబట్టి మద్యం తాగనివాళ్ళు కూడా కూర్చోవడానికి ఒక కారణం దొరుకుతుంది.

చదువుకోవడానికైతే వెస్ట్ వాషింగ్టన్ స్ట్రీట్‌లోని డాంకీ కాఫీ. రైతుకు న్యాయమైన ధర చెల్లించి తెచ్చిన గింజలే వాడతామన్నది 2002లో మొదలైనప్పటి నుంచీ వాళ్ళ పట్టు. పాత సోఫాలు, లోపల మరో గది, పరీక్షల ముందు వారంలో ఖాళీ కుర్చీ కోసం ఎదురుచూపు, ఇవన్నీ అక్కడ మామూలే. కోర్టు స్ట్రీట్‌లో బేగెల్ స్ట్రీట్ డెలీ ఉంది. మధ్యాహ్నం తరగతుల మధ్య కడుపు నింపుకోవడానికి శాకాహార సాండ్‌విచ్‌లు అక్కడ చాలా రకాలు దొరుకుతాయి. కోర్టు, యూనియన్ స్ట్రీట్‌లు కలిసే దగ్గర నిలిచే బరీటో బగ్గీ అనే బండి ఈ ఊరి పాత విద్యార్థులందరికీ తెలుసు. చిక్కుడు గింజలు పెట్టి పలుచని రొట్టెలో చుట్టి ఇచ్చే బీన్స్ బరీటో చవక, కడుపు నిండుతుంది, అంతకుమించి దాని గురించి చెప్పడానికేమీ లేదు.

ఎక్కడికి వెళ్ళినా ఒక్క విషయం అడిగి తెలుసుకోండి. ఈ ప్రాంతంలో కూరగాయల సూప్ అని రాసి ఉన్నా కోడి ఎముకల రసంతో కాచి ఉండవచ్చు, ఉడికించిన చిక్కుళ్ళలో పంది మాంసపు ముక్కలు వేయడం ఇక్కడి ఇళ్ళ వంటలో పాత అలవాటు, సీజర్ సలాడ్ మీద పోసే దానిలో చేప ఉంటుంది. శాకాహారినని చెబితే చాలదు, ఫలానా దానిలో మాంసపు రసం ఉందా అని సూటిగా అడిగితేనే సరైన జవాబు వస్తుంది. సర్వర్లు విసుక్కోరు.

జవాబు: పెరుగు తోడు

పాతకాపు గారు చెప్పినవన్నీ మంచి చోట్లే. కానీ ప్రశ్న అడిగినవారు భృతి మీద బతకబోతున్నారన్నది మరచిపోకూడదు. కూర్చుని తింటే బిల్లు మీద పన్ను పడుతుంది, దాని మీద కనీసం పదిహేను నుంచి ఇరవై శాతం టిప్పు ఇవ్వాలి. టిప్పు వచ్చే ఉద్యోగులకు ఒహాయోలో చట్టబద్ధమైన కనీస వేతనం మామూలు వేతనంలో దాదాపు సగమే కాబట్టి, అది ఇష్టమైతే ఇచ్చేది కాదు. ఆహారాన్ని పొట్లం కట్టించుకుని బయటికి తీసుకుపోతే మాత్రం ఒహాయోలో అమ్మకపు పన్ను లేదు. వారానికి ఒకసారికి మించి కూర్చుని తింటే నెలాఖరుకు తెలుస్తుంది.

అందుకే నేను రెస్టారెంట్ల కన్నా శనివారం జరిగే రైతుల సంతను ముందు పెడతాను. ఏథెన్స్ ఫార్మర్స్ మార్కెట్ 1972 నుంచి నడుస్తోంది, చలికాలంలో కూడా ఆగదు. వేసవి చివర మీరు దిగే సమయానికి టమాటాలు, వంకాయలు, పచ్చిమిరపకాయలు, తాజా మొక్కజొన్న కంకులు అన్నీ ఉంటాయి. సూపర్ మార్కెట్‌లో అమ్మే లావుపాటి నల్ల వంకాయతో గుత్తివంకాయ కుదరదు. సన్నరకాల వంకాయలు ఇక్కడ అమ్మకానికి వస్తుంటాయి, పొద్దున్నే వెళ్ళాలి. అక్కడే రొట్టెలు, జున్నులు, వేడి వేడి తినుబండారాలు కూడా అమ్ముతారు కనుక ఉదయపు ఫలహారం అక్కడే కానివ్వవచ్చు.

ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని సాల్సాలు, ఊరగాయలు, పిండివంటలు తయారుచేసేవాళ్ళు ఎలా ఉన్నారని మీకు అనుమానం రావచ్చు. దానికి చాలావరకు కారణం ఏస్‌నెట్ అనే సంస్థ. లైసెన్సు ఉన్న పెద్ద వంటగదిని అది 1996 నుంచి చిన్న వ్యాపారులకు గంటల లెక్కన అద్దెకిస్తోంది. సొంత వంటశాల కట్టుకునే స్తోమత లేనివాళ్ళు అక్కడ వండి, సీసాల్లో నింపి సంతకు తెస్తారు. 2010లో మొదలైన షాగ్‌బార్క్ అనే మిల్లు ఈ ప్రాంతపు సేంద్రియ మొక్కజొన్న, నల్ల చిక్కుడు గింజలు అమ్ముతుంది. ఆ మొక్కజొన్న పిండితో రొట్టె బాగా వస్తుంది; వేడినీళ్ళతో కలిపి అరచేత్తో తట్టాలి, అప్పడాల కర్రతో వత్తితే విరిగిపోతుంది. ఆ గింజలు రాత్రంతా నానబెట్టి, చింతపండు, బెల్లం వేసి పులుసు పెట్టి చూడండి. బయట వాటితో చేసే వంటల కన్నా నాకు అదే నచ్చింది.

ఇక పెరుగు. పొరుగున ఉన్న మెగ్స్ కౌంటీ నుంచి స్నోవిల్ క్రీమరీ పాలు వస్తాయి. వాటిని హోమోజెనైజ్ చేయరు, అంటే మీగడ పాలలో కలిసిపోయేలా చేయరు కాబట్టి మూత తీయగానే పైన మీగడ కనిపిస్తుంది, కాచి తోడుపెడితే గట్టి పెరుగు వస్తుంది. అతి ఎక్కువ వేడి మీద శుద్ధి చేసిన పాల డబ్బాలు చాలానే ఉంటాయి, వాటితో ఈ రుచి రాదు; కొనేముందు డబ్బా మీద చదవండి. తోడుకు సజీవ బాక్టీరియా ఉన్న సాదా పెరుగు ఏదైనా పనికొస్తుంది, తీపి లేనిది చూసుకోవాలి. జనవరిలో వంటగది గట్టు మీద పెడితే తెల్లారేసరికి కూడా తోడుకోదు. ఓవెన్ వెలిగించకుండా, లోపలి దీపం మాత్రం వేసి గిన్నెను అందులో ఉంచండి.

కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ లాంటివి మాత్రం కొలంబస్ నుంచే తెచ్చుకోవాలి. కారు లేకపోయినా గోబస్ అనే బస్సు ఏథెన్స్ నుంచి కొలంబస్‌కు నడుస్తుంది. అయితే భారతీయ దుకాణాలు ఆ నగరపు శివార్లలో ఉన్నాయి, బస్సు దిగిన చోటి నుంచి మళ్ళీ ప్రయాణం ఉంటుంది. సెమిస్టరు మొదట్లో కారు ఉన్న సీనియర్లు ఎలాగూ వెళతారు, వాళ్ళతో కలిసి బియ్యం బస్తా తెచ్చుకోవడమే తేలిక.

మళ్ళీ ప్రశ్న: కొత్త విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. పెరుగు సమస్య ఇంత తేలిగ్గా తీరుతుందని అనుకోలేదు. మరో రెండు సందేహాలు. కోర్టు స్ట్రీట్ నిండా బార్లేనని, శుక్రవారం రాత్రి ఆడపిల్లలు ఒంటరిగా వెళ్ళలేరని మా సీనియర్ ఒకరు భయపెట్టారు, అది నిజమేనా? రెండోది, డిసెంబరు సెలవుల్లో నేను ఊళ్ళోనే ఉంటాను. అప్పుడు ఇవన్నీ తెరిచే ఉంటాయా?

జవాబు: నదీతీరపు సైకిలు

భయపడాల్సినంత లేదు, కానీ కోర్టు స్ట్రీట్‌కు రెండు ముఖాలున్నాయన్నది నిజం. రాత్రి తొమ్మిది వరకు అది ఇటుకలు పరిచిన ఒక అందమైన వీధి. పదకొండు దాటాక బార్ల ముందు వరుసలు కడతారు, గోల ఉంటుంది, మనం తాగకపోతే అక్కడ చేయడానికేమీ ఉండదు. అక్టోబరు చివర హాలోవీన్ రాత్రి ఇతర ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చి వీధి నిండిపోతుంది, వేషాలు చూడాలనుకుంటే స్నేహితులతో కలిసి పెందలాడే వెళ్ళి వచ్చేయండి.

తోటివారితో కూర్చోవాలంటే బార్ల కన్నా బీరు తయారుచేసే చోట్లు నయం. జాకీ ఓస్ 2005లో యూనియన్ స్ట్రీట్‌లో చిన్న పబ్బుగా మొదలై, తరువాత క్యాంప్‌బెల్ స్ట్రీట్‌లో పెద్ద బ్రూవరీ, ఆ బీరును అక్కడే కూర్చుని తాగే ట్యాప్‌రూమ్ కట్టుకుంది. చెక్క పీపాల్లో నెలల తరబడి నిలవ ఉంచిన బీరుకు దానికి పేరుంది. సొంత పొలం కూడా ఉంది, అక్కడి పంట వాళ్ళ వంటగదికి వస్తుంది. ఊరి అంచున ఆర్మిటేజ్ రోడ్డులో, హాకింగ్ నది వెంట సాగే సైకిలు బాట పక్కన లిటిల్ ఫిష్ ఉంది. 2015లో తెరిచారు, పుల్లని బీరు వాళ్ళ ప్రత్యేకత. ఈ రెండు చోట్లా ఆచార్యులు, పిల్లల్ని వెంటబెట్టుకున్న కుటుంబాలు కనిపిస్తారు, ఎవరు ఏం తాగుతున్నారని పక్కవాళ్ళు చూడరు. పరిశోధక బృందాల వీడ్కోలు విందులు ఇలాంటి చోట్లే జరుగుతాయి. మీరు సోడా పుచ్చుకుని నిశ్చింతగా కూర్చోవచ్చు. సెప్టెంబరు సాయంత్రం అద్దె సైకిలు మీద లిటిల్ ఫిష్ దాకా వెళ్ళి, వెలుతురు ఉండగానే తిరిగి రావడం నాకు తెలిసినంతలో ఈ ఊరి అతి మంచి కాలక్షేపం.

తాగినా తాగకపోయినా కొన్నిచోట్ల గుమ్మం దగ్గర వయసు చూస్తారు. మద్యానికి ఇరవై ఒక్కటి నిండాలి. భారతీయ డ్రైవింగ్ లైసెన్సును సాధారణంగా ఒప్పుకోరు, రోజూ పాస్‌పోర్టు వెంట తిప్పడం ప్రమాదం. రాగానే బీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్లు, లైసెన్సులు చూసే రాష్ట్ర శాఖ) కార్యాలయంలో ఒహాయో గుర్తింపు కార్డు తీసుకోండి. దానికి కారు నడపడం రానవసరం లేదు.

జవాబు: కోర్టు స్ట్రీట్ పాతకాపు

డిసెంబరు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దాని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. పరీక్షలు అయిపోయిన మరునాటి నుంచి సుమారు నాలుగు వారాలు ఊరు ఖాళీ అవుతుంది. విశ్వవిద్యాలయపు భోజనశాలలు మూసేస్తారు. మిగిలినవి పని గంటలు తగ్గిస్తాయి, కొన్ని యజమానులు సెలవు తీసుకుని పూర్తిగా తలుపులు వేస్తారు. కాబట్టి వెళ్ళేముందు ఫోను చేసి కనుక్కోవడం తప్పదు. ఈస్ట్ స్టేట్ స్ట్రీట్‌లోని కిరాణా దుకాణాలు తెరిచే ఉంటాయి, అటు ఊరి బస్సు కూడా వెళుతుంది. కానీ సెలవు రోజుల్లో బస్సుల వేళలు మారతాయని గుర్తుంచుకోండి. అదే వీధిలోని అవలాంచ్ పిజ్జా ఇంటికి తెచ్చి ఇస్తుంది, మంచు పడిన రాత్రులు దాని విలువ తెలుస్తుంది.

ఇన్ని ఇబ్బందులున్నా, కాసాలో కిటికీ పక్క బల్ల ఎదురుచూడకుండా దొరికేది ఆ నాలుగు వారాల్లోనే.

జవాబు: పెరుగు తోడు

ఒకటి చేర్చాలి. మీరు దిగిన కొన్ని వారాలకే పావ్‌పావ్ పండ్ల కాలం వస్తుంది. ఇది బొప్పాయి కాదు. మన సీతాఫలం కుటుంబానికి చెందిన చెట్టు, ఈ అడవుల్లో తనంతట తానే పెరుగుతుంది. 2009లో ఒహాయో దీన్ని తన రాష్ట్ర స్థానిక ఫలంగా ప్రకటించింది. లోపల పసుపుపచ్చని మెత్తని గుజ్జు, అరటి, మామిడి కలిసినట్టుండే రుచి. పండిన తరువాత రెండు మూడు రోజులకు మించి నిలవదు కాబట్టి సూపర్ మార్కెట్లలో దొరకదు, సంతలోనే చూడాలి. ఏథెన్స్‌కు దగ్గరలోని ఆల్బనీ వద్ద, స్నోడెన్ చెరువు పక్కన 1999 నుంచి సెప్టెంబరులో దీనికోసం పండుగే జరుపుతున్నారు. పండ్లు, ఐస్‌క్రీం, పచ్చళ్ళు, పెద్దవాళ్ళకు పావ్‌పావ్ బీరు, అన్నీ ఉంటాయి. నడిచి వెళ్ళే దూరం కాదు, కారున్న స్నేహితుల్ని ముందే చూసుకోండి.

తొక్క, గింజలు తినకూడదు. కొందరికి కడుపులో తిప్పుతుంది కనుక మొదటిసారి సగం పండుతో ఆపండి. సరిపడితే, గుజ్జును చల్లని స్నోవిల్ పెరుగులో కలిపి, చిటికెడు యాలకుల పొడి వేసుకోండి. వేడి చేస్తే సువాసన పోతుంది, పాయసంలో మాత్రం వేయకండి.