పిల్లల స్కౌట్ ట్రూప్ కోసం పెద్దలు జరిపే విరాళాల విందులో మద్యం ఉండవచ్చా?

ప్రశ్న: ఎడిసన్ వాసి

అందరికీ నమస్కారం. మేము న్యూ జెర్సీలో ఉంటాము. మా అబ్బాయి నాలుగేళ్లుగా స్కౌట్ ట్రూప్‌లో ఉన్నాడు. నేను ఈ ఏడాదే ట్రూప్ కమిటీలో చేరాను. వచ్చే వేసవిలో పెద్ద పిల్లలను న్యూ మెక్సికోలోని ఫిల్మాంట్ రాంచ్ అనే స్కౌట్ శిబిర స్థలానికి, 12 రోజుల పాటు కొండల్లో నడిచే యాత్రకు పంపాలని అనుకున్నాము. విమానం ఖర్చు కూడా కలిపితే కొన్ని కుటుంబాలకు అది భరించలేని మొత్తం అవుతోంది కాబట్టి, పెద్దలకు మాత్రమే ఒక విందు ఏర్పాటు చేసి డబ్బు కూడబెట్టాలని కమిటీలో ప్రతిపాదన వచ్చింది.

ప్రతిపాదన ఇది. ఒక ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుంటారు. టికెట్ 60 డాలర్లు. అందులో భోజనమూ రెండు గ్లాసుల వైనూ కలిసి ఉంటాయి, ఆపైన కావలసినవారు కౌంటరు దగ్గర కొనుక్కోవచ్చు. మొదటి అరగంట పిల్లలు యూనిఫాంలో వచ్చి అతిథులకు ఫలహారాలు అందించి, తమ యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పి ఇళ్లకు వెళ్లిపోతారు. బార్ ఉంటే జనం ఎక్కువ వస్తారని, ఎక్కువసేపు ఉంటారని ఒక తండ్రి గట్టిగా చెప్పారు. ఇద్దరు తల్లులు మాత్రం అలాగైతే తాము రాలేమని చెప్పి, కారణం వివరించకుండా ఊరుకున్నారు.

మా ఇంట్లో మద్యం అలవాటు లేదు. అయితే మా ఇంటి ఆచారాన్ని నలుగురి మీద రుద్దడం న్యాయం కాదని కూడా నాకు తెలుసు. అందుకే నియమాలు ఏమి చెబుతున్నాయో, మీ అనుభవం ఏమి చెబుతుందో తెలుసుకొని కమిటీలో మాట్లాడాలని ఉంది.

జవాబు 1: మాజీ కోశాధికారి

నేను ఇదే రాష్ట్రంలో ఒక ట్రూప్‌కు తొమ్మిదేళ్లు లెక్కలు చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మన ట్రూప్‌లు ఏ సంస్థ కిందకు వస్తాయో ఆ బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా (2025 ఫిబ్రవరిలో స్కౌటింగ్ అమెరికాగా పేరు మార్చుకుంది) నియమం ప్రకారం, సంస్థకు చెందిన లేదా సంస్థ నడిపే స్థలాల్లోనూ, యువ సభ్యులు పాల్గొనే ఏ కార్యక్రమంలోనూ మద్యం ఉండకూడదు. బయటి హాల్లో పెద్దలు మాత్రమే కలుసుకునే విందు ఈ వాక్యం పరిధిలోకి రాదని మీ కమిటీలో ఎవరైనా వాదించవచ్చు, ఆ వాదనలో కొంత బలం ఉంది. కానీ మీ ప్రతిపాదనలో పిల్లలు యూనిఫాంలో వచ్చి ఫలహారాలు అందిస్తున్నారు. ఆ అరగంటతో అది యువ సభ్యులు పాల్గొన్న కార్యక్రమం అయిపోతుంది. సీసాలు వాళ్లు వెళ్లాకే తెరుస్తామని అనుకోవచ్చు గానీ, తీసుకువెళ్లవలసిన తండ్రి ఆలస్యమై ఇద్దరు పిల్లలు బార్ పక్కనే కుర్చీల్లో కూర్చుని ఎదురుచూసే పరిస్థితి ఏ విందులోనైనా వస్తుంది. ముందు ఆ అరగంటను ప్రతిపాదన నుంచి తీసివేయండి. నిధుల సేకరణకు ముందే స్కౌట్ సంస్థ ప్రాంతీయ కౌన్సిల్‌కు దరఖాస్తు ఇచ్చి అనుమతి పొందాలి కదా, అందులో మద్యం సంగతి దాచకుండా రాయండి.

రెండవది అమ్మకం. ఇంటికి వచ్చిన స్నేహితుడికి ఒక గ్లాసు ఇవ్వడం వేరు, టికెట్ ధరలో కలిపి ఇవ్వడం వేరు. కౌంటరు పెట్టి డబ్బు తీసుకుంటే అది ఎలాగూ అమ్మకమే. న్యూ జెర్సీలో లాభాపేక్ష లేని సంస్థలు ఇటువంటి విందులకు రాష్ట్ర మద్య నియంత్రణ విభాగం నుంచి ఆ సందర్భానికి పర్మిట్ తీసుకోవాలి. మన ట్రూప్‌లకు సాధారణంగా చట్టం దృష్టిలో సొంత అస్తిత్వం ఉండదు. స్కౌట్ సంస్థ నుంచి చార్టర్, అంటే ట్రూప్ నడిపే అనుమతి, తీసుకున్న చర్చో, తల్లిదండ్రుల సంఘమో ట్రూప్‌కు యజమాని. కాబట్టి దరఖాస్తు మీద వారి పేరే ఉంటుంది, చిక్కు వస్తే నోటీసు కూడా వారికే వెళ్తుంది. వారిని అడగకుండా హాలు బుక్ చేయడం వారి పట్ల అన్యాయం.

మూడవది ఇన్సూరెన్స్. మామూలు లయబిలిటీ పాలసీల్లో (మన వల్ల ఇతరులకు నష్టం జరిగితే పరిహారం చెల్లించేవి) అతిథులకు ఊరికే అందించిన మద్యానికి కొంత రక్షణ ఉండవచ్చు. డబ్బు తీసుకొని అమ్మినప్పుడు ఆ రక్షణ వర్తించకపోవచ్చు, విడిగా పాలసీ తీసుకోవలసి వస్తుంది. ఈ సంగతి ఏజెంటును ఫోనులో అడిగి ఊరుకోకండి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. 1984లో కెల్లీ వర్సెస్ గ్విన్నెల్ కేసులో మన రాష్ట్ర సుప్రీం కోర్టు, అతిథి మత్తులో ఉన్నాడనీ కారు నడపబోతున్నాడనీ తెలిసి కూడా అతనికి మద్యం పోసిన ఇంటి యజమాని, ఆ తర్వాత ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి బాధ్యుడు కావచ్చని చెప్పింది. ఆ కేసులోని యజమాని ఎవరికీ ఏమీ అమ్మలేదు, ఇంటికి వచ్చినవాడికి మర్యాద చేశాడంతే.

ఇక నా అభిప్రాయం. పెద్దలు భోజనంతో ఒక గ్లాసు తాగితే నాకు అభ్యంతరం లేదు. అభ్యంతరం కౌంటరు మీదే. అక్కడ ఎంత ఎక్కువ తాగితే పిల్లల ఖాతాలో అంత ఎక్కువ డబ్బు చేరుతుంది కాబట్టి, ఇక చాలు అని ఒక అతిథికి చెప్పవలసిన వాలంటీరుకు ఆ మాట నోట రాదు. నేను ఆ కౌంటరు వెనక నిలబడినవాడిని. మా ట్రూప్‌లో నేను కోశాధికారిగా ఉన్న రెండో ఏడాది ఒక పెద్దమనిషికి నాలుగో గ్లాసు నేనే ఇచ్చాను. ఆయన భార్య వచ్చి నా ముందే తాళాలు లాక్కొని ఆయనను తీసుకువెళ్లారు, కాబట్టి ఏమీ జరగలేదు. ఆ తర్వాత ఏడాది నుంచి నేనే కౌంటరు మాన్పించాను.

జవాబు 2: లెస్టర్ నుంచి ఒక తల్లి

ఇంగ్లండులో పద్ధతి కొంత వేరు. ఇక్కడ స్కౌట్ గ్రూపుల కోసం తల్లిదండ్రులు క్విజ్ రాత్రులు జరిపి చిన్న బార్ పెట్టడం మామూలే, దానిని ఎవరూ తప్పుగా చూడరు. 2003 నాటి లైసెన్సింగ్ చట్టం కింద 21 పౌండ్లు కట్టి, కనీసం 10 పనిదినాల ముందు స్థానిక కౌన్సిల్‌కు (మునిసిపాలిటీ వంటిది) తాత్కాలిక కార్యక్రమ నోటీసు ఇస్తే 499 మంది వరకు ఉన్న కార్యక్రమంలో మద్యం అమ్మవచ్చు. అయితే పిల్లల బాధ్యత ఆ సమయంలో ఎవరి మీద ఉందో వారు తాగకూడదన్న విషయంలో మా గ్రూపు చాలా కచ్చితంగా ఉంటుంది. మీ దగ్గర అందరూ కార్లలోనే వస్తారు. మేము చాలామందిమి నడిచి ఇళ్లకు చేరతాము. ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకోండి.

జవాబు 3: నెల్లూరు ఆడపడుచు, డాలస్

కారణం చెప్పకుండా ఊరుకున్న ఆ ఇద్దరు తల్లుల గురించి రాయాలని ఉంది. దయచేసి వారిని కారణం అడగవద్దు. తాగుడు మానుకొని నిలదొక్కుకుంటున్న భర్త ఉన్న ఇల్లాలు ఆ సంగతి ట్రూప్ కమిటీలో చెప్పుకోలేదు. మా అమ్మ కూడా మా నాన్న విషయం ఏనాడూ బయట చెప్పలేదు, పెళ్లిళ్లకు వెళ్లడం మాత్రం మానేసింది.

1992లో మా జిల్లాలోని దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా అంగడి మూయించినప్పుడు, ఆ కదలిక మా ఊరికీ వచ్చింది. అమ్మ మొదటిసారి గడప దాటి నలుగురితో కలిసి నిలబడింది. అప్పుడు వారికి ఎదురైన వాదన ఒకటుంది: సారా మీద వచ్చే ఆదాయంతోనే ప్రభుత్వం మంచి పనులు చేస్తోంది కదా అని. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేసినప్పుడు కూడా ఖజానా లోటే ప్రధాన కారణంగా చెప్పారు. మీ విందునూ ఆ ఉద్యమాన్నీ ఒకే గాటన కట్టడం లేదు. బార్ ఉంటే పిల్లలకు ఎక్కువ డబ్బు వస్తుందని మీ కమిటీలో వినబడ్డ మాట నాకు ఎక్కడో విన్నట్టు అనిపించింది, అంతే. ఏ పిల్లవాడి యాత్ర కోసం ఆ డబ్బు పోగుచేస్తున్నారో, ఆ పిల్లవాడి అమ్మానాన్నలే ఆ హాల్లోకి రాలేకపోతే ఆ విందు ఎవరి కోసం?

ఎడిసన్ వాసి

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్నటి సమావేశంలో పిల్లల భాగాన్ని విందు నుంచి విడదీసి, ఆదివారం ఉదయం చర్చి హాల్లో దోసెల ఫలహారంగా మార్చుదామని అడిగాను, అందరూ ఒప్పుకున్నారు. పిండి రుబ్బే బాధ్యత మా ఇంటిదే. పెద్దల విందులో కౌంటరు తీసివేశారు. టికెట్‌లోని వైన్ సంగతి మాత్రం తేలలేదు. మా ట్రూప్ చార్టర్ ఉన్న చర్చినీ ఇన్సూరెన్స్ ఏజెంటునూ రాతపూర్వకంగా అడిగాము. వారి జవాబు వచ్చేదాకా టికెట్లు అచ్చు వేయించబోమని కమిటీ తీర్మానం రాసుకుంది.