రూట్ కెనాల్‌లో ఫైల్ విరిగితే పేషెంట్‌కు ఎప్పుడు, ఏమని చెప్పాలి?

అలిపిరి_ఎండో:
తిరుపతిలో హౌస్‌సర్జన్లకు ఎథిక్స్ క్లాసు తీసుకోవాలి. "నిజం చెప్పండి" అని వదిలేస్తే చైర్ దగ్గర పనికిరాదు, అందుకే ఒక కల్పిత కేసు తయారు చేశాను. పుత్తూరు నుంచి వచ్చిన యాభై ఏళ్ళావిడ, కింది కుడి మొదటి దవడ పన్ను (46). పల్ప్ (పన్ను లోపలి మెత్తటి నరాల భాగం) చచ్చిపోయింది, మీజియల్ వేరు (ముందువైపు వేరు) కొన దగ్గర ఎక్స్‌రేలో నల్లటి మచ్చ, అంటే ఇన్ఫెక్షన్ గుర్తు ఉంది. ఆ వేరులో బుగ్గవైపు ఉండే మీజియోబక్కల్ కెనాల్‌లో (వేరు లోపలి సన్న గొట్టం) ఒంపు దాటాక 20 సైజు రోటరీ ఫైల్ (శుభ్రం చేసే, మోటారుతో తిరిగే సన్న సూది) కొన విరిగింది. క్యాప్‌తో కలిపి డబ్బు ముందే మాట్లాడేసుకున్నారు. అక్కడి నుంచి ఏం చేయాలి, ఏం చెప్పాలి, ఏం రాయాలి?

చిత్తూరు_కన్సర్వేటివ్:
ముందు చెయ్యి ఆపాలి సార్. కంగారులో ఇంకో ఫైల్ దింపితే ముక్క మరింత కిందికి పోతుంది. చేతిలో మిగిలిన ఫైల్‌ను కొలవాలి: 25 మి.మీ. ఫైల్ 21 ఉంటే లోపల 4 మి.మీ. ఉన్నట్టే. రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ వేసే రబ్బరు తెర) తీయకుండానే ఎక్స్‌రేలు తీయాలి, ఒకటి నేరుగా, ఒకటి కోన్ (ఎక్స్‌రే యంత్రం గొట్టం) కాస్త పక్కకు జరిపి. లేకుంటే మీజియల్ వేరులోని రెండు కెనాళ్ళూ ఒకదానిమీద ఒకటి పడి ఏది ఏదో తేలదు.

చెప్పాల్సింది ఆ సిట్టింగులోనే. అయితే డ్యామ్ కింద నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకున్న మనిషి తల మాత్రమే ఊపగలదు. ఆ తల ఊపును ఒప్పుకోలు అనుకోకూడదు. దూది, టెంపరరీ పెట్టి, డ్యామ్ తీసి, చైర్ లేపి, నోరు పుక్కిలించనిచ్చి అప్పుడు చెప్పాలి: "అమ్మా, వేరు లోపల శుభ్రం చేసే సన్న సూది కొన విరిగి అక్కడే ఉండిపోయింది. ఇదిగో, ఎక్స్‌రేలో తెల్లగా ఉండేది అదే. ఆ ముక్కతో ఒంటికి ప్రమాదం లేదు. దాని కింద ఇన్ఫెక్షన్ మిగిలిపోతే మాత్రం పన్ను మానకపోవచ్చు. ఏమేం చేయొచ్చో చెప్తాను, ఇంట్లో మాట్లాడుకునైనా రండి."

మైక్రోస్కోప్_తిరుపతి:
ముక్కకన్నా దాని కింద మిగిలిన ఇన్ఫెక్షనే ముఖ్యం. పల్ప్ బతికున్న పన్నులో, శుభ్రం చేయడం దాదాపు అయ్యాక విరిగితే ఫలితం పెద్దగా దెబ్బతినదు. ఈ కేసు అలాంటిది కాదు, ఆ తేడా ఆవిడకు తెలియాలి.

ముందు బైపాస్ ప్రయత్నించాలి: 8 లేదా 10 సైజు కె-ఫైల్ (సన్న చేతి ఫైల్) కొనను కొద్దిగా వంచి, ఈడీటీఏ (కెనాల్ గోడను మెత్తబరిచే మందు) వేసి, ముక్క పక్కనుంచి సందు వెతకాలి. అదే వేరులో నాలుకవైపు ఉండే మీజియోలింగ్వల్ కెనాల్ చాలాసార్లు కొన దగ్గర ఇదే కెనాల్‌తో కలుస్తుంది. కలిసిందంటే అటునుంచి బాగా శుభ్రం చేసినా చాలావరకు పని జరుగుతుంది. ఒంపు దాటిన ముక్కను అల్ట్రాసోనిక్‌తో (కంపించే సన్న కొన పరికరం) లాగాలని చూడొద్దు. ఆ వేరులో ఫర్కేషన్ (వేర్లు చీలే చోటు) వైపు గోడ పల్చన, ముక్క కోసం పోయి వేరుకు చిల్లు పెట్టినట్టు అవుతుంది. మచ్చ మానుతోందా లేదా 6 నెలలకు, ఏడాదికి ఎక్స్‌రేలో చూడాలి. మానకుంటే వేరు కొన సర్జరీ, లేదా పన్ను తీసేయడం. ఈ దారులన్నీ మొదటి రోజే చెప్పాలి.

పలమనేరు_డెంటల్:
డబ్బు సంగతి తేలలేదు. ముక్క తీసే ప్రయత్నం వేరే చికిత్స, దానికి కొత్త సమ్మతి కావాలి. ఒకదానికి ఇచ్చిన సమ్మతి ఇంకోదానికి చెల్లదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. స్పెషలిస్టు దగ్గరికి పంపితే ఆ ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే మాట్లాడాలి. నా మటుకు నేను, ఆ పన్నుకు తీసుకున్న దాంట్లో మిగిలిన పని డబ్బు తిరిగి ఇవ్వడమే ధర్మం అంటాను.

అలిపిరి_ఎండో:
బాగుంది. పిల్లలు తప్పక అడిగేది ఇంకొకటి: "చెప్తే మన తప్పు ఒప్పుకున్నట్టు కాదా సార్?"

చిత్తూరు_కన్సర్వేటివ్:
ప్రతి ప్రమాదమూ నిర్లక్ష్యం కాదని, డాక్టర్ల నిర్లక్ష్యంపై సుప్రీంకోర్టు ఇచ్చిన జాకబ్ మాథ్యూ తీర్పు (2005) చెబుతోంది. దాచిపెట్టి, రెండేళ్ళ తర్వాత వేరే డాక్టరు ఎక్స్‌రేలో బయటపడితే సమర్థించుకోవడానికి ఏమీ ఉండదు. కేస్ షీట్‌లో ఫైల్ కంపెనీ, సైజు, టేపర్ (కొనవైపు సన్నబడే తీరు), ముక్క పొడవు, ఏ కెనాల్‌లో ఎక్కడ, ఎన్ని గంటలకు చెప్పాం, ఆవిడ ఏమంది, అన్నీ అదే రోజు రాయాలి.

మైక్రోస్కోప్_తిరుపతి:
ఎందుకు విరుగుతుందో కూడా అదే క్లాసులో చెప్పండి. కొన ఇరుక్కున్నా మోటారు తిప్పుతూనే ఉంటే మెలితిరిగి విరుగుతుంది. ఇందులో ముందే మరలు విచ్చుకుని కనిపిస్తాయి, అలాంటి ఫైల్ పారేయాల్సిందే. ఒంపులో ఒకేచోట తిరుగుతూ అలసి విరిగేదానికి పైకి ఏ గుర్తూ ఉండదు. అందుకే ఫైల్ ఎన్ని కెనాళ్ళకు వాడామో లెక్క ఉంచాలి. 10, 15 సైజు చేతి ఫైళ్ళు పని పొడవుదాకా (కెనాల్‌లో శుభ్రం చేయాల్సిన లోతుదాకా) వదులుగా దిగకముందే రోటరీ పెట్టకూడదు.

దర్శనానికి వచ్చి నొప్పితో క్లినిక్ ఎక్కేవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త. రేపు రైలెక్కే మనిషికి ఒంపు కెనాళ్ళలో రోటరీ మొదలుపెట్టొద్దు. నొప్పి తగ్గేవరకు పల్ప్ తీసి, కాల్షియం హైడ్రాక్సైడ్ (కెనాల్‌లో క్రిములను చంపే మందు) పెట్టి, గట్టిగా టెంపరరీ వేసి, ఎంతవరకు చేశామో రాసిన చీటీ, ఎక్స్‌రే ఫొటోలు వాళ్ళ ఫోన్‌కే పంపాలి. వాళ్ళ ఊరి డాక్టరుకు పనికొచ్చేవి అవే.