గంజాయికి అలవాటుపడిన పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకువెళితే కేసు అవుతుందా?

ప్రశ్న: కొర్లగుంట వాసి, తిరుపతి

అందరికీ నమస్కారం. మా అక్క కుమారుడు పలమనేరు నుంచి వచ్చి తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాడు. వయసు 19 ఏళ్లు. హాస్టల్లో ఉంటూ సెలవు రోజుల్లో మా ఇంటికి వస్తుంటాడు. ఈమధ్య అతని సంచిలో పొగాకు సగం దులిపేసిన సిగరెట్టు, కళ్ల ఎరుపు తగ్గించే చుక్కల మందు, కాగితంలో మడిచిన చిన్న పొట్లం నా భార్య కంటపడ్డాయి. మొదట స్నేహితుడివని చెప్పాడు. కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే ఒప్పుకున్నాడు. మానేయాలనే ఉందని, కానీ మానిన రోజు రాత్రంతా నిద్ర పట్టక, తెల్లవారేసరికి ఎవరిని చూసినా కోపం వస్తోందని చెప్పాడు.

వైద్యానికి తీసుకువెళదామంటే మా బావగారు ససేమిరా అంటున్నారు. ఓపీ చీటీ రాయించిన క్షణం నుంచి పిల్లవాడి పేరు పోలీసుల దగ్గర ఉంటుందని, ఇక పాస్‌పోర్టు గానీ ప్రభుత్వ ఉద్యోగం గానీ రావని ఆయన భయం. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో మాదకద్రవ్యాలను అరికట్టే ఈగల్ పోలీసు విభాగాన్ని ఏర్పాటు చేసి, 1972 నంబరును అందుబాటులోకి తెచ్చి, ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అంటూ ప్రచారం చేయడాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే అమ్మేవారి సమాచారం ఎవరికి ఇవ్వాలో తెలుస్తున్నంత స్పష్టంగా, వాడేవాడు మన ఇంట్లోనే ఉంటే ఏం చేయాలో తెలియడం లేదు. చట్టం, వైద్యం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: న్యాయవాది, చిత్తూరు

అయ్యా, మీ బావగారి భయం చాలామంది తల్లిదండ్రులలో ఉన్నదే. ఆ భయంతోనే నెలలు గడిచిపోతాయి, వ్యసనం ముదురుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి అమ్మడమే కాదు, వాడటమూ నేరమే. 27వ సెక్షన్ కింద గంజాయి వాడినందుకు ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. గంజాయి విషయంలో ఒక కిలో వరకు స్వల్ప పరిమాణంగా, 20 కిలోలకు మించితే వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తారు. ఆ రెండో కోవలో శిక్ష పదేళ్ల నుంచి మొదలవుతుంది. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్ మీలాంటి కుటుంబాల కోసమే ఉన్నది. వాడకం కేసులోనో, స్వల్ప పరిమాణం కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు ప్రభుత్వం నిర్వహించే లేదా గుర్తించిన ఆసుపత్రిలో తనంతట తానుగా చేరి వైద్యం చేయించుకుంటే, ఆ నేరాలకు అతనిపై విచారణ జరపకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. షరతు ఒక్కటే: వైద్యాన్ని మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. కేసు అయినవాడికే ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు, ఏ కేసూ లేని మీ మేనల్లుడిని ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి జంకవలసిన పని లేదు.

వైద్యానికి వచ్చినవాడి గురించి పోలీసులకు తెలియజేయాలని ఈ చట్టం వైద్యుణ్ణి ఆదేశించడం లేదు. పైగా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుని, 23వ సెక్షన్ ద్వారా రోగి వివరాలకు గోప్యత కల్పించింది. పాస్‌పోర్టు విచారణలో చూసేది క్రిమినల్ కేసులను, ఓపీ చీటీలను కాదు. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. ఆ పొట్లాన్ని ఇంట్లో దాచిపెట్టుకోవద్దు, ఎందుకంటే ఇంట్లో ఉంచుకోవడం కూడా చట్టం దృష్టిలో కలిగి ఉండటమే.

18 ఏళ్లలోపు పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పిల్లలకు జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం వర్తిస్తుందని, పిల్లల పేర్లు బయటపెట్టడాన్ని అందులోని 74వ సెక్షన్ నిషేధిస్తోందని గుర్తుంచుకోండి.

సమాధానం 2: మానసిక వైద్యురాలు, తిరుపతి

మీరు అరవకుండా కూర్చోబెట్టి మాట్లాడటం వల్లనే అతను నిజం చెప్పాడు. మీరు రాసిన నిద్రలేమి, చిరాకు గంజాయి మానినప్పుడు కనిపించే మామూలు లక్షణాలే. మానిన ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలై, మొదటి వారంలో బాగా బాధపెట్టి, రెండు మూడు వారాల్లో క్రమంగా తగ్గుతాయి. ఆకలి మందగించడం, చెమటలు, పీడకలలు కూడా ఉండవచ్చు. వీటి వల్ల ప్రాణాపాయం ఉండదు. అయితే ఆ వారం ఎవరూ తోడు లేకపోతే తట్టుకోలేక మళ్లీ మొదలుపెడతారు. వీలైతే ఆ రోజుల్లో అతన్ని హాస్టల్లో కాకుండా మీ ఇంట్లో ఉంచుకోండి. రాత్రి పన్నెండింటికి లేచి గదిలో తిరుగుతుంటే గద్దించకండి, ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చోండి.

మద్యం లేదా నిద్రమాత్రలు కూడా వాడుతున్నాడేమో తప్పకుండా అడగండి. వాటికి బాగా అలవాటుపడినవారు ఇంట్లో ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్నది కాబట్టి వైద్యుల పర్యవేక్షణలోనే తగ్గించాలి. ఎవరో తనను వెంబడిస్తున్నారనో, తన గురించే మాట్లాడుకుంటున్నారనో అతను అంటుంటే ఆలస్యం చేయవద్దు. చిన్న వయసులో ఎక్కువగా గంజాయి తాగేవారిలో తీవ్రమైన మానసిక వ్యాధి వచ్చే అవకాశం పెరుగుతుంది.

గంజాయి వ్యసనానికి ప్రత్యేకమైన మందు అంటూ లేదు. కౌన్సెలింగ్, నిద్రకూ ఆందోళనకూ తాత్కాలికంగా మందులు, కుటుంబం అండ, ఇవే వైద్యం. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి నేరుగా వెళ్లవచ్చు. ముందుగా ఫోనులో మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే 14416 టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, వ్యసన విముక్తి కోసం జాతీయ నంబరు 14446 కూడా ఉన్నది. ఇంకొక మాట: క్రమం తప్పకుండా వాడినవారి మూత్రంలో మానేసిన కొన్ని వారాల తరువాత కూడా గంజాయి ఆనవాళ్లు కనిపించవచ్చు. ఆ పరీక్షను చూసి అబద్ధమాడాడని నిందించకండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. బావగారికి చదివి వినిపించాను, కొంత మెత్తబడ్డారు. అయితే ఆయనకు తెలిసినవారు ఒక ప్రైవేటు కేంద్రం పేరు చెప్పారట. మూడు నెలలు ఉంచుకుంటారట, ఫోను ఉండదు, ఇంటివాళ్లు చూడటానికి వీల్లేదట. అక్కడ చేర్చవచ్చా?

సమాధానం 3: మానసిక వైద్యురాలు, తిరుపతి

రిజిస్ట్రేషన్ పత్రం చూడకుండా ఎక్కడా చేర్చవద్దు. ఇటువంటి కేంద్రాలు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద నమోదై ఉండాలి. రోగిని గొలుసులతో కట్టడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది, ఫోను ద్వారా మాట్లాడుకునే హక్కును, వచ్చినవారిని కలుసుకునే హక్కును కూడా ఇచ్చింది. అసలు మీ మేనల్లుడికి మానాలనే కోరిక ఉన్నది, అది అందరిలో ఉండదు. అటువంటివాడిని బంధించి ఉంచితే ఆ కోరికే చచ్చిపోతుంది.

సమాధానం 4: జూనియర్ కళాశాల అధ్యాపకురాలు, శ్రీకాళహస్తి

డాక్టరమ్మగారు చెప్పిన నిద్రమాత్రల విషయం మా దగ్గర గంజాయి కంటే పెద్ద సమస్య అవుతుందేమోనని నాకు దిగులుగా ఉన్నది. అల్ప్రాజోలం వంటి నిద్రమాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు మందుల నిబంధనల్లోని హెచ్1 షెడ్యూలు అనే జాబితాలో ఉన్నాయి. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవారి వివరాలను దుకాణదారు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. 2025 మార్చిలో ఈగల్, ఔషధ నియంత్రణ అధికారులు కలిసి ‘ఆపరేషన్ గరుడ’ పేరుతో రాష్ట్రమంతటా మందుల దుకాణాలను తనిఖీ చేసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. అటువంటి తనిఖీలు క్రమం తప్పకుండా జరగాలి.

ఇంకా చిన్న పిల్లల విషయానికి వస్తే, వారిలో చాలామంది గంజాయితో మొదలుపెట్టరు. పంక్చర్ సొల్యూషన్‌ను గుడ్డలో పోసుకుని పీల్చడంతో మొదలుపెడతారు. సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ నిపుణులు చేసి 2019లో వెలువరించిన జాతీయ సర్వేలో, పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువ శాతం మంది వాడుతున్నట్టు తేలిన మత్తు ఈ పీల్చేది ఒక్కటే. గుండె లయ తప్పి, మొదటిసారి పీల్చినవాడు కూడా చనిపోయే అవకాశం ఉన్నది. చేతి వేళ్లకు అంటుకున్న జిగురు, చొక్కా కాలరు దగ్గర పెట్రోలు వంటి వాసన, మూతి చుట్టూ పొక్కులు కనిపిస్తే ఉపాధ్యాయులు గమనించాలి.

మాదకద్రవ్య వ్యతిరేక దినమైన జూన్ 26న ప్రతి ఏటా మేము ర్యాలీ చేస్తాం, ప్రతిజ్ఞ చేయిస్తాం. కళాశాలల్లో ఈగల్ క్లబ్బులూ ఏర్పడ్డాయి. ఇవి అవసరమే. కానీ ప్రతిజ్ఞ చేసిన రెండు వందల మందిలో అప్పటికే అలవాటుపడినవారు ఇద్దరైనా ఉంటారు, వారికి ఆ రోజు వినిపించేది జైలు గురించే. న్యాయవాది గారు రాసిన 64ఏ సెక్షన్ గురించి మా నోటీసు బోర్డుల మీద ఒక్క వాక్యం కూడా లేదు. జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన మాదకద్రవ్యాల నియంత్రణకు ఎన్‌కార్డ్ కమిటీ ఉన్నది. 1972 నంబరు కింద 14416ను, వైద్యానికి వచ్చినవారికి ఉన్న రక్షణను కూడా ముద్రించాలని, కళాశాలకు నెలకు ఒకసారైనా కౌన్సెలర్‌ను పంపాలని తిరుపతి, చిత్తూరు జిల్లాల కమిటీలకు మనం లేఖ రాయాలి. ముసాయిదా నేను తయారుచేస్తాను. న్యాయవాది గారు సెక్షన్ల భాగం సరిచూసి ఇస్తే, మా కళాశాల తల్లిదండ్రుల సంఘం తరఫున ఈ వారంలోనే అందజేస్తాం.