నాయిస్ తగ్గిస్తే మాట మొదళ్లు మింగేస్తోంది, ఏం చేయాలి?

హియరింగ్ ఎయిడ్ కోసం రియల్ టైమ్‌లో నడిచే నాయిస్ రిడక్షన్ రాస్తున్నాను. శాంప్లింగ్ 16 కిలోహెర్ట్జ్, ఒక్కోసారి తీసుకునే శబ్దపు ముక్క (ఫ్రేమ్) 128 శాంపిల్స్ (8 మిల్లీసెకన్లు), సగానికి సగం ఓవర్‌ల్యాప్. గెయిన్‌కి (ఒక్కో ఫ్రీక్వెన్సీని ఎంత తగ్గించాలో చెప్పే గుణకం) వీనర్ ఫిల్టర్, నాయిస్ అంచనాకి మినిమమ్ స్టాటిస్టిక్స్ (కాసేపట్లో కనిపించిన కనిష్ఠ స్థాయి నుంచి నాయిస్‌ని లెక్కగట్టడం), ఎస్ఎన్ఆర్‌కి (మాటకీ నాయిస్‌కీ మధ్య నిష్పత్తి) ఎఫ్రాయిమ్, మలా 1984లో చెప్పిన డెసిషన్ డైరెక్టెడ్ పద్ధతి (గత ఫ్రేమ్ ఫలితాన్ని ఇప్పటి కొలతతో కలపడం).

చిక్కంతా స్మూతింగ్ దగ్గరే. ఆల్ఫా (గత ఫ్రేమ్‌కి ఇచ్చే బరువు) 0.98 పెడితే వెనక శబ్దం నున్నగా ఉంటుంది, కానీ "తప్పు", "కప్పు" లాంటి మాటల్లో మొదటి హల్లు నలిగిపోయి రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి. 0.9కి దించితే హల్లు తేటగా వస్తుంది, దాంతోపాటే ఆ టింగుటింగుమనే మ్యూజికల్ నాయిస్ కూడా. వినికిడి తగ్గినవాళ్లకి హల్లులే ముఖ్యం కాబట్టి నా మొగ్గు రెండోదానికే. అయినా ఆ గోలని రోజంతా ఎవరు భరిస్తారు?

ఫ్రేమ్ పెంచుదామంటే ఆలస్యం 10 మిల్లీసెకన్లు దాటేస్తుంది. చెవిని పూర్తిగా మూయని ఓపెన్ ఫిట్‌లో, నేరుగా వచ్చే శబ్దంతో అది కలిసి మాట బోలుగా మోగుతుంది.

గెయిన్‌కి -12 డెసిబెల్స్ దగ్గర ఫ్లోర్ (అంతకన్నా తగ్గకుండా హద్దు) పెడితే సరిపోతుందా, లేక మాట మొదలయ్యే చోట మాత్రమే ఆల్ఫాని తగ్గించాలా? కెప్‌స్ట్రమ్‌లో (లాగ్ స్పెక్ట్రమ్‌కి మళ్లీ ట్రాన్స్‌ఫామ్ తీస్తే వచ్చేది) స్మూతింగ్‌ని చిన్న డీఎస్‌పీ (సిగ్నల్ ప్రాసెసింగ్ చిప్) మీద ఎవరైనా నడిపి చూశారా?