కెమెరా కార్డ్ ఫార్మాట్ అయిపోయింది, సీమంతం ఫోటోలు తిరిగొస్తాయా?

గోదారమ్మాయి:
అందరికీ నమస్తే, అర్జెంట్‌గా హెల్ప్ కావాలండి. మొన్న ఆదివారం మా అక్క సీమంతం, ఫోటోలన్నీ బావగారి కెమెరాలోనే తీశాం, 64 జీబీ ఎస్‌డీ కార్డ్. నిన్న చిన్న తమ్ముడు మెనూలో ఏదో నొక్కితే కార్డ్ ఫార్మాట్ అయిపోయింది, ఒక్క ఫోటో కూడా కనబడట్లేదు. అమ్మమ్మ అక్కకి గాజులు తొడుగుతున్న ఫోటోలు అందులోనే ఉన్నాయి, ఆవిడ ఎంత ఓపిక చేసుకుని వచ్చిందో మాకే తెలుసు. షాపులో అడిగితే గ్యారంటీ లేదు కానీ ముందే డబ్బు కట్టాలన్నారు. ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చా?

డేటా_రాజు:
కంగారు పడకండి, చాలావరకు వచ్చే ఛాన్స్ ఉంది. ముందు ఆ కార్డ్ కెమెరాలోంచి తీసేయండి, దాంతో ఇంకొక్క ఫోటో కూడా తీయొద్దు. కార్డ్ పక్కన బుల్లి లాక్ ఉంటుంది చూడండి, దాన్ని కిందికి జరిపేయండి. కెమెరాలో మామూలుగా ఫార్మాట్ కొడితే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే పోతుంది, ఫోటోల డేటా అక్కడే ఉంటుంది, దాని మీద కొత్తది ఎక్కితేనే పోయినట్టు. లో లెవెల్ ఫార్మాట్ (డేటాని కూడా తుడిచేసేది) అనే ఆప్షన్ టిక్ అయి ఉంటే మాత్రం కష్టం, అది తమ్ముడిని మెల్లగా అడిగి కనుక్కోండి, తిట్టకండి పాపం.

ఇప్పుడు కార్డ్ రీడర్‌లో పెట్టి సిస్టమ్‌కి తగిలించండి, కెమెరాకే కేబుల్ పెడితే చాలాసార్లు డ్రైవ్‌లా కనబడదు. విండోస్ ఫార్మాట్ చేయాలా అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. ఫోటోరెక్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, టెస్ట్‌డిస్క్ అనే ఇంకో రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కలిపే వస్తుంది, అందులో క్యూఫోటోరెక్ ఓపెన్ చేస్తే మౌస్‌తోనే పనైపోతుంది. కార్డ్ సెలెక్ట్ చేసి, ఫ్రీ (ఖాళీగా ఉన్న చోటు మాత్రమే వెతికేది) కాకుండా హోల్ (Whole, మొత్తం వెతికేది) అన్నది పెట్టండి. దొరికిన ఫోటోలు సేవ్ అయ్యే ఫోల్డర్ మాత్రం కంప్యూటర్‌లోనే ఉండాలి, పొరపాటున కూడా అదే కార్డ్‌లోకి వద్దు.

బెజవాడ_క్లిక్స్:
రాజు గారు చెప్పింది కరెక్ట్, నేను పెళ్ళిళ్ళ ఫోటోలు తీస్తుంటాను, మా దగ్గర కూడా ఇదే వాడతాం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఫోటోల పాత పేర్లు రావు, ఎఫ్ పక్కన పెద్ద నంబర్‌తో వస్తాయి, పాతవీ కొత్తవీ అన్నీ కలిసిపోయి ఉంటాయి, అది చూసి భయపడొద్దు. ఫోటో తీసిన తేదీ ఫైల్ లోపలే ఉంటుంది కాబట్టి ఫోల్డర్‌లో డేట్ టేకెన్ మీద సార్ట్ చేస్తే సీమంతం రోజువి అన్నీ ఒక దగ్గరికి వస్తాయి. వీడియోలు మాత్రం కొన్ని ప్లే అవ్వవు, పెద్ద ఫైల్ కార్డ్‌లో ముక్కలు ముక్కలుగా ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ వాటిని అతికించలేకపోతుంది.

గోదారమ్మాయి:
చాలా థాంక్స్ అండీ. లాక్ వేసేశాను, మామూలు ఫార్మాటే కొట్టాడట. ఫోన్‌లో కూడా అక్క కొన్ని డిలీట్ చేసింది, వాటికీ ఇదే పనిచేస్తుందా?

డేటా_రాజు:
ఫోన్ లోపలి స్టోరేజ్‌కి ఇది పనిచేయదమ్మా, అక్కడ డేటా ఎన్‌క్రిప్ట్ అయి (బయటి సాఫ్ట్‌వేర్ చదవలేని కోడ్‌లో) ఉంటుంది, డిలీట్ చేసినవి ఫోనే తుడిచేస్తుంది కూడా. గ్యాలరీలో ట్రాష్ ఫోల్డర్ ఇప్పుడే చూడండి, గూగుల్ ఫోటోస్‌లో అయితే బ్యాకప్ అయినవి 60 రోజులు, అవ్వనివి 30 రోజులే ఉంటాయి.