"రైట్ ఆఫ్ యూజర్"కి తెలుగులో ఏమనాలి?

అందరికీ నమస్కారమండీ. మా బంధువుల పొలంలోంచి గ్యాస్ పైపులైను వెళ్తుందని నోటీసు వచ్చింది, పెద్దాయన చదివి చెప్పమని నాకు ఫోటో పంపించారు, అందులో "భూమిలో వినియోగదారుని హక్కు" అని ఉంది. "మనమూ గ్యాస్ వాడతాం కదా, మనకేమైనా హక్కు ఇస్తున్నారా" అని అడిగారాయన. నిజంగా భయమేసిందండీ, ఎందుకంటే ఆ కాగితం హక్కు ఇచ్చేది కాదు, తీసుకునేది.

ఇంగ్లీషులో మాట రైట్ ఆఫ్ యూజర్. 1962 నాటి పైపులైన్ల చట్టంలోది. పాత లా భాషలో యూజర్ అంటే వాడే మనిషి కాదు, వాడటం అనే పని. అది పట్టుకోకుండా "వినియోగదారు" అని రాసేశారు, ఆ మాట వినగానే మనకి కరెంటు బిల్లు, కన్స్యూమర్ కోర్టు గుర్తొస్తాయి. అసలు జరిగేదేంటంటే భూమి రైతు పేరునే ఉంటుంది, కానీ పైపు వెళ్ళే ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. దానికి ఇచ్చేది ఆ భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పైరుకో చెట్టుకో నష్టం జరిగితే అది వేరే. నేను "వాడుక హక్కు" అనుకుంటున్నాను. ఇంతకన్నా మంచి మాట ఉంటే చెప్పండి.

కామెంటు: "అనుభవ హక్కు" బావుంటుంది కదండీ, పాత దస్తావేజుల్లో ఉన్న మాటే.

నా జవాబు: మాట బావుందండీ, కానీ అడంగల్లో "అనుభవదారు" అంటే పొలం చేతిలో ఉండి సాగు చేసుకుంటున్నవాడు. పైపు వేసేవాళ్ళకి అనుభవ హక్కు అంటే పొలం మొత్తం వాళ్ళ చేతికి వెళ్ళిందనుకుంటారు రైతులు. వాడుక హక్కులో ఆ ప్రమాదం లేదు.

ఇంకోటి కూడా ఉంది, ఇది ఇంకా ఘోరం. "భూమిలో ఆసక్తి గల ఏ వ్యక్తి అయినా అభ్యంతరం తెలపవచ్చు" అని రాశారు. ఇంగ్లీషులో ఇంట్రెస్టెడ్ అని ఉంటే ఆసక్తి అనేశారు! అక్కడ అర్థం ఆ భూమితో లాభనష్టాల సంబంధం ఉన్నవాళ్ళు అని. చట్టం అక్కడ "యజమాని" అనలేదు, అది చూడండి. ఆసక్తి అంటే కొనాలనుకునేవాళ్ళకి కదా ఉండేది, అందుకే పెద్దాయన ఆ లైను తన గురించి కాదనుకుని వదిలేశారు. నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి 21 రోజులే గడువు, వదిలేస్తే అంతే.

కామెంటు: "అభ్యంతరం" కూడా నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుందండీ. సంస్కృతంలో దానర్థం లోపలిది అని, మనమేమో అడ్డు చెప్పడానికి వాడతాం. అదీ ఎక్కువగా "నాకేం అభ్యంతరం లేదు" అనడానికే. ఉందని చెప్పడం మనకి అలవాటు లేదు.

నా జవాబు: ఎంత బాగా చెప్పారండీ, నాకు తట్టలేదు ఈ సంగతి.

కామెంటు: మరి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి కదా? ఊళ్ళో టెంటు వేసి, కలెక్టర్ గారు వచ్చి?

నా జవాబు: అది పర్యావరణ అనుమతి తాలూకు, 2006 నోటిఫికేషన్ కింద వచ్చేది. పైపులైన్లలో నేషనల్ పార్కులు, అభయారణ్యాలు, అలాంటి సున్నితమైన చోట్ల నుంచి వెళ్ళేవే అందులోకి వస్తాయి. మామూలు పొలాల్లోంచి వెళ్ళే లైనుకి రైతు చేతిలో ఉండేది ఈ 21 రోజులే. 2014 జూన్‌లో కోనసీమలో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు, పొలం ఉన్నవాళ్ళే కాదు, పక్కన ఇళ్ళలో ఉన్నవాళ్ళూ పోయారు. పొలం లేనివాడికి ఈ నోటీసులో చోటు ఎక్కడుందో నాకైతే కనిపించలేదు.

ఆ "సేకరణ" మాట మీద కూడా నాకు కోపమే. భూసేకరణలో అదే సేకరణ, ప్రజాభిప్రాయంలోనూ అదే. ఇంగ్లీషులో హియరింగ్ అంటే కనీసం ఎవరో ఒకరు వినాలని ఉంది. మన మాటలో వినేవాడే లేడు, పోగేసుకుని వెళ్ళేవాడే ఉన్నాడు.

కామెంటు: "ప్రజా విచారణ" అంటే?

నా జవాబు: విచారణ అంటే జనాన్నే విచారిస్తారేమో అనుకుంటారండీ. "ఆలకింపు" అనొచ్చేమో, ఆలోచించండి.

కామెంటు: నేను అమెరికాలో ఉంటాను. ఇక్కడ రాష్ట్రాలు దాటే గ్యాస్ లైన్లకి పర్మిషన్ ఇచ్చేది ఫెర్క్ అనే కమిషన్, 1938 నాటి నేచురల్ గ్యాస్ యాక్ట్ కింద. కామెంటు ఎవరైనా పంపొచ్చు, కానీ కామెంటు పంపినంత మాత్రాన మీరు కేసులో ఉన్నట్టు కాదు. ఇంటర్వీనర్‌గా చేరితేనే పార్టీ అవుతారు, పార్టీ అయితేనే ఆర్డర్ వచ్చాక 30 రోజుల్లో మళ్ళీ పరిశీలించమని అడగొచ్చు, ఆ తర్వాత కోర్టుకి వెళ్ళొచ్చు. చాలామంది ఉత్తరం రాసి ఊరుకుంటారు. ఇంటర్వీనర్‌కి తెలుగు చెప్పగలరా?

నా జవాబు: "కక్షిదారు" ఉంది కానీ అందులో కక్ష వినిపిస్తుంది. "కేసులో చేరినవారు" అనడమే నయమండీ, నాలుగు అక్షరాలు ఎక్కువైనా పర్లేదు.

పెద్దాయనకి చివరికి ఇలా రాసి పంపాను, తప్పులుంటే ఇవాళే చెప్పండి, 12 రోజులు అయిపోయాయి: "ఈ పైపు వేసేవాళ్ళు మన పొలంలో కొంత పట్టీ మీద వాడుక హక్కు అడుగుతున్నారు. ఇష్టం లేకపోతే ఎందుకో కాగితం మీద రాసి 21 రోజుల్లోపు దీన్ని చూసే అధికారికి ఇవ్వాలి. ఇస్తే ఆ అధికారి మిమ్మల్ని పిలిచి మీ మాట వినాలి, మీరే వెళ్ళొచ్చు, లాయర్నైనా పంపొచ్చు. ఆయన ఇచ్చే ఆర్డరే ఆఖరు అని చట్టంలో ఉంది, కాబట్టి చెప్పాల్సిందంతా అప్పుడే చెప్పండి."